ఎనిమిది మీద పసుపు

ఆ ఫొటో ఇప్పుడు నా ముందే ఉంది. నలుపు తెలుపు ప్రింటు, ఇంకు తక్కువై అడుగున గీతలు పడ్డాయి. నడిమధ్యన నా కారు ముఖం. బానెట్ కింద దారానికి కట్టిన రెండు నిమ్మకాయలు, ఆరు పచ్చిమిరపకాయలు, ఒక బొగ్గు ముక్క. అన్నీ గాలికి పక్కకు కొట్టుకుపోయి ఎడమ లైటు దగ్గర ఎగురుతున్నాయి. అవి కప్పాల్సిన నంబరు ప్లేటు కడిగిన కంచంలా కనబడుతోంది. అద్దం వెనక పున్నమి చంద్రుడిలాంటి తెల్లటి గుండ్రం ఒకటి, అది సీడీ. దాని కింద స్టీరింగు పట్టుకుని నోరు తెరుచుకున్న మనిషిని నేనే. పాడుతున్నానో ఆవలిస్తున్నానో గుర్తు లేదు. ఓ మూలన అంకెలు: వేగం 111, పరిమితి 80.

ఇలాంటివి మొత్తం ఏడు. ఈ ఏడూ నా కళ్లబడే దాకా, హైదరాబాదు నుంచి రుద్రవరం దాకా ఏ స్పీడు గన్నుకూ చిక్కని మొనగాణ్ణని నమ్ముతూ వచ్చాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆఫీసులో, పెళ్లిళ్లలో, చావుకు పోయిన చోట కూడా పదిమందికి చెప్పాను.

నాది లెక్కలు రాసే ఉద్యోగం. ఒకరి పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్ర పట్టని రకం. మా ఊరికి దాదాపు 320 కిలోమీటర్లు. షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, నంద్యాల, తర్వాత సిరివెళ్ల దగ్గర హైవే వదిలి నల్లమల వైపు తిరగాలి. 80లో పోతే నాలుగు గంటలు. 110లో పోతే మూడు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. అంటే గంటా ఐదు నిమిషాలు మిగులు. కాగితం మీద ఈ లెక్కలో తప్పు లేదు. ఆ మిగిలిన గంటా ఐదు నిమిషాల్లో మా ఊళ్లో నేను ఏం చేస్తాను అని మాత్రం ఒక్కసారీ వేసుకోలేదు. వేపచెట్టు కింద మంచం వేసుకుని పడుకుంటాను, అంతే.

మొదట సీడీ సంగతి. అద్దానికి సీడీ వేలాడదీస్తే స్పీడు గన్ను కిరణం దానికి తగిలి చెదిరిపోతుందని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు. ఇలాంటి మాటలకు చెప్పినవాడు ఉండడు, విన్నవాడే ఉంటాడు. ఇంట్లో సీడీలు పారేసే రోజులు కాబట్టి ఖర్చు కూడా లేదని సంబరపడ్డాను. ఆ గన్ను ఎలా పనిచేస్తుందో తెలిసింది చాలా ఆలస్యంగా. కంటికి కనబడని వెలుతురును అది చిన్న చిన్న తునకలుగా, సెకనుకు వందల చొప్పున బండి మీదికి విసురుతుంది. ఒక్కో తునక పోయి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. దూరం ఎంత తొందరగా తరుగుతోందో చూస్తే అదే వేగం. ఆ వెలుతురును అందరికంటే శ్రద్ధగా తిప్పి పంపేది నంబరు ప్లేటే, రాత్రిపూట మెరవడానికి దాని మీద వేసిన పొర అలాంటిది. లోపల ఊగే సీడీతో దానికి పనేముంది? నేను పిట్టలను తోలే గుడ్డబొమ్మ పెట్టుకుని తుపాకీకి అడ్డం నిలబడ్డాను.

తర్వాతిది పసుపు. ఇది నా సొంత తెలివి, ఎవరి మీదికీ నెట్టలేను. 2021 దసరాకు ఆయుధ పూజ చేసి, బండికి అందరూ పెట్టినట్టే పసుపు కుంకుమ పెట్టాను. ప్లేటు మీద చివరి అంకె 8. దాని ఎడమ పక్క పసుపు ముద్ద కాస్త మందంగా పడి, రెండడుగులు వెనక్కి వచ్చి చూస్తే 3 లాగా కనిపించింది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దేవుడే దారి చూపించాడనుకున్నా. అప్పటి నుంచి ఊరికి బయల్దేరే ప్రతిసారీ గిన్నెలో పసుపు తడిపి, వంగుని, ఆ ఎనిమిదికి అర్చన. మా ఆవిడ ఒకసారి చూసి ‘ఎప్పుడొచ్చింది మీకింత భక్తి’ అంది. ‘బండి చల్లగా ఉండాల గదా’ అన్నాను.

నేను గమనించని ముక్క ఒకటుంది. ఇప్పటి ప్లేట్లలో అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. పసుపు ఆరాక మిట్ట మీదిది రాలిపోతుంది, పల్లంలోది నిలుస్తుంది. కాబట్టి జడ్చర్ల చేరేసరికి నా ఎనిమిది చుట్టూ పసుపు నిండి, నడుమ నల్లగా, నోములో కలశం లాగా ఎత్తి చూపినట్టు ఉండేది. మిగతా అంకెల కంటే అదే బాగా కనిపిస్తోంది ఫొటోలో.

దానికి తోడు నిమ్మకాయలు. దిష్టికి కట్టేవే. దారం జానెడు పొడుగు పెంచి సరిగ్గా అంకెల మీదికి వచ్చేలా కట్టాను. ఇంటి ముందు ఆపినప్పుడు చూసుకుంటే బ్రహ్మాండం, రెండంకెలు మాయం. బండి కదిలి గాలి పుంజుకోగానే ఆ దారం పక్కకు ఎగిరిపోతుందని తట్టలేదు. ఆగి ఉన్నప్పుడు నంబరు దాచి, పరుగెత్తేటప్పుడు చూపించే ఏర్పాటు ఒకటి కనిపెట్టి, అమావాస్య అమావాస్యకూ కాయలు మార్చుకుంటూ రెండేళ్లకు పైగా కాపాడుకున్నాను.

అన్నిటికంటే సిగ్గయ్యేది టోలుగేట్ల వ్యవహారం. రెండు టోళ్ల మధ్య ఎంతసేపట్లో వచ్చామో ఫాస్టాగ్ చూసి చలానా వేస్తారని ఒక పుకారు పుట్టింది. అది నిజమా అని విచారించే ఓపిక నాకు లేదు, దానికి విరుగుడు కనిపెట్టే ఓపిక మాత్రం ఉంది. రాయికల్ టోలు దాటిన టైము ఓ చీటీ మీద రాసుకునేవాణ్ణి. శాఖాపూర్ టోలుకు కిలోమీటరు ముందు రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపి, సగటు 80కి దిగే దాకా కూర్చునేవాణ్ణి. ఒక్కోసారి పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి పద్నాలుగు. క్యాలిక్యులేటర్‌లో వేసి, రెండు నిమిషాలు అనుమానానికి కలుపుకుని మరీ. ప్రాణాలకు తెగించి మిగుల్చుకున్న కాలాన్ని చెట్టు కింద కూర్చుని ఖర్చు పెట్టి, మళ్లీ మిగుల్చుకోవడానికి బయల్దేరడం. నా కింద పనిచేసే కుర్రాడెవడైనా పుస్తకాల్లో ఇలాంటి పద్దు రాసుకొస్తే మెడపట్టి గెంటేవాణ్ణి.

ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడే ఓ తెల్ల ఆల్టో నన్ను దాటిపోయేది. ఒక ప్రయాణంలో అయితే లెక్కపెట్టాను. షాద్‌నగర్ దగ్గర నేను దాన్ని దాటాను. చెట్టు కింద అది నన్ను దాటింది. మళ్లీ నేను దాటాను. దారిలో ఒకచోట టీ తాగుతుంటే అది పోయింది. పుల్లూరు టోలు వరసలో నా ముందు అదే ఉంది. నడిపే పెద్దాయన మఫ్లరు కట్టుకుని, కిటికీలోంచి మోచెయ్యి బయట పెట్టుకుని ఉన్నాడు. కర్నూలు బైపాసు దగ్గర ఇద్దరం పక్కపక్కన వచ్చాం. ఆయన నా వైపు చూసి తలూపాడు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు. నాకు ఒళ్లు మండి 115కు తొక్కాను.

ఇవి కాక ఎదురు బండ్ల సైగలు. డివైడరు అవతల నుంచి ఎవడైనా లైట్లు ఆర్పి వెలిగిస్తే ముందు పోలీసులున్నారని అర్థం. మంచి ధర్మమే, నేనూ చేశాను. కానీ చీకటి పడ్డాక ప్రతి గుంతలోనూ ప్రతి బండి లైటూ ఎగిరిపడుతుంది. ఒకసారి ఒక లారీ లైటు మిణుకుమిణుకుమంటే పన్నెండు కిలోమీటర్లు అరవైలో పోయాను. దాని వైరు వదులై ఉంటుంది, పాపం.

ఇక ట్రావెల్స్ బస్సు. పెద్ద బస్సు వెనక నీడలాగా పోతే గన్ను వాడికి మన బండి కనపడదని ఒక సిద్ధాంతం. వాడికి నేను కనపడకపోతే నాకూ ముందున్నది కనపడదు కదా అన్న రెండో సగాన్ని ఆలోచించలేదు. ఓర్వకల్లు దాటాక, సాయంత్రం, ఆ కొండరాళ్ల మధ్య రోడ్డు నున్నగా ఉంటుంది. బస్సు వెనక పది మీటర్లలో ఉన్నాను. అద్దం నిండా దాని వెనక రాసిన అమ్మవారి పేరే. ఉన్నట్టుండి ఆ పేరు కుడి పక్కకు జరిగిపోయింది. దాని స్థానంలో ఒక గడ్డివాము ప్రత్యక్షమైంది. ట్రాక్టరు ట్రాలీ, పైన వరిగడ్డి, వెనక లైటు లేదు, ఎద్దు నడకన పోతోంది. గడ్డి కట్టిన తాడు ముడి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, నీలం రంగు ప్లాస్టిక్ తాడు, కొస కాలిన ముడి. బ్రేకు మీద నిలబడ్డాను. బండి అరుస్తూ పోయి, తిరిగి, రోడ్డు మార్జిన్‌లో కంకర మీద ఆగింది. వెనక సీట్లో అమ్మకోసం తెచ్చిన ఊరగాయ సీసా ముందుకు వచ్చి పగిలింది. నూనె నా మెడ మీద పడితే రక్తమనుకున్నాను.

బండిని ఆపడానికి కావలసిన దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగాన్ని వేగంతో గుణించినట్టు పెరుగుతుందని పదో తరగతిలో చదివినవాణ్ణే. 80కీ 110కీ తేడా ముప్ఫై అనుకుంటాం. బ్రేకు దానిని దాదాపు రెండింతలుగా లెక్క పెడుతుంది.

కానీ నేను దాచిపెట్టింది ఆ భయం కాదు. కంకర మీద ఆగి, చేతులు వణుకుతూ, తల ఎత్తి మొట్టమొదట నేను చూసింది ట్రాక్టరు వాడు బాగున్నాడా అని కాదు. ఆ చుట్టుపక్కల కెమెరా ఉందా అని. లేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇంతకీ నేనింత ధీమాగా ఎందుకున్నానంటే, చలానా రాలేదు కాబట్టి. 2021 దసరా నుంచి ఒక్కటీ రాలేదు. సీడీ పనిచేసింది, పసుపు పనిచేసింది, నిమ్మకాయ పనిచేసింది. దేనికి ఎంత మార్కులు వేయాలో తెలియక అన్నిటికీ సమానంగా పంచాను. వెబ్‌సైటులో నంబరు కొట్టి చూసుకోవచ్చని తెలుసు. చూస్తే ఉంటుందేమో అని చూడలేదు. 2023 డిసెంబరు చివర్లో తెలంగాణలో పాత చలానాల మీద కార్లకు అరవై శాతం రాయితీ ప్రకటించారు. ఆఫీసులో అందరూ ఫోన్లు పట్టుకుని కట్టుకుంటుంటే, నేను కుర్చీ వెనక్కి వాల్చి, ‘మనకట్లాంటివి లేవప్పా, డ్రైవింగు ఒక కళ’ అన్నాను. ఈ వాక్యం నిజంగా అన్నాను.

స్పీడు కెమెరా పుట్టుక కథ చదివింది ఆ రోజుల్లోనే, దాన్ని కూడా నా గొప్పకే వాడుకున్నాను. మారిస్ గాట్సోనిడెస్ అని ఒక డచ్ రేసుగాడు, 1953 మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తానెంత వేగంగా పోతున్నాడో కొలుచుకుని ఇంకా వేగంగా పోవడానికి ఒక పరికరం చేసుకున్నాడు. అదే పోలీసుల చేతికి వెళ్లింది. చివరికి తన కెమెరాకు తానే దొరికేవాడని అంటారు. ఈ కథ నేను చెప్పేటప్పుడు ‘వాడంతటి వాడే దొరికాడు, నేను దొరకలేదు’ అని ముగించేవాణ్ణి.

తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో పార్వేటకు ఊరికి బయల్దేరాను. తెలియని వాళ్లకు ఒక మాట. కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి కొండ దిగువ ఊళ్ల మీదికి వస్తాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి జనాన్ని తానే పిలుచుకోవడానికని మా వైపు చెప్పుకుంటారు. నలభై రోజులకు పైగా ఊరూరూ తిరుగుతాడు. ప్రతి ఊళ్లో పల్లకీ దించడానికి ‘తెలుపు’ అని అరుగు ఉంటుంది. మా ఊరి వంతు వచ్చేసరికి చలి పోయి ఎండ మొదలవుతుంది. ‘సాయంత్రం ఆరుకల్లా వస్తాడంట, నువ్వు ముందే వచ్చేయి’ అంది అమ్మ ఫోనులో. నేను నిమ్మకాయలు మార్చాను, పసుపు తడిపాను, చెట్టు కింద కూర్చున్నాను, మిగతాదంతా మామూలే. ఆరుకు పది నిమిషాలుందనగా ఊళ్లో అడుగుపెట్టాను.

స్వామి వచ్చింది రాత్రి పదిన్నరకు. ఎవరింటి ముందు కొబ్బరికాయ కొడతామంటే అక్కడ ఆగాడు. ఎవరు పిల్లను ఎత్తి చూపిస్తే అక్కడ ఆగాడు. బోయీలు భుజాలు మార్చుకోవడానికి ఆగాడు. జనంలో ఒక్కరూ వాచీ చూసుకోలేదు, నేను తప్ప. అక్కడే మా అన్న కొడుకు కొత్త బైకు తెచ్చి చూపించాడు. వెనక నంబరు ప్లేటు పైకి మడిచి ఉంది, ఆకాశం చదువుకోవాలి ఆ నంబరు. ‘చిన్నాయనా, నువ్వు చెప్పినావు గదా ప్లేటు కతలు, దానికంటే ఇది మేలు’ అన్నాడు, మెచ్చుకుంటాననుకుని. వాడికి ఇరవై నిండలేదు. నవ్వాలని చూశాను, నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. నాయన అప్పటికే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

‘ఏమ్‌రా, ఆ ఎనిమిది మీద పసుపు ఎవురు పెట్నారు?’

‘దసరాకు పెట్టిందే నాయనా.’

‘దసరా పోయి నాల్నెల్లాయె. ఇది తడి ఆరలేదు.’

లోపలికి పోయి భూమి పాసుపుస్తకాల కవరు తెచ్చాడు. అందులోంచి ఏడు కాగితాలు తీసి, తేదీల వరసన, చీట్లపేక పరిచినట్టు నా ముందు పరిచాడు. మొదటిది 2021 అక్టోబరుది. చివరిది నెల కిందటిది.

ఇప్పుడు చెప్పాలి. ఆ కారు 2016లో కొన్నాం. సగం డబ్బు నాయన పసుపు అమ్మి ఇచ్చాడు కాబట్టి బండి ఆయన పేరు మీదే రాయించాను. అందుకే నంబరు ఏపీ 21, అప్పటికి మాది కర్నూలు జిల్లానే, నంద్యాల జిల్లా అయింది 2022లో. కాగితాల్లో ఫోను నంబరు కూడా ఆయనదే. రెండేళ్లకు పైగా మెసేజీలు పోతున్నది రుద్రవరంలో ఆయన జేబులోకి.

‘ఇంగ్లీషులో వస్తాంటే బ్యాంకోళ్లదేమో అనుకున్యా. ఆళ్లగడ్డలో కంప్యూటర్ అంగడి పిల్లోని కాడికి తీస్కపోతే, మీ కారు ఫొటో వచ్చిండాది తాతా అన్యాడు. కట్టేసి, కాయితం తీయించుకున్యా.’

‘నాకెందుకు చెప్పలేదు?’

‘చెప్తే ఏం చేస్తావు? ఇంగో నిమ్మకాయ కడతావు.’

ఒక్కోటి 1,035 రూపాయలు. ఏడు కాగితాలు, 7,245. ఇంత జరిగినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పకపోతే ఈ స్వగతానికి అర్థం లేదు. ‘అప్పుడప్పుడే కట్టేసినావు నాయనా, 2023 డిసెంబరు దాకా ఆగింటే అరవై పర్సెంటు తగ్గేది’ అన్నాను. అమ్మ లేచి లోపలికి పోయింది. నాయన నన్ను కాసేపు చూశాడు. మా నాయన కోపంగా చూస్తే నాకు అలవాటే. ఆ చూపు అది కాదు. సంతలో ఎద్దు పళ్లు చూసి, మాట్లాడకుండా వదిలేసే చూపు.

పొద్దున్నే 7,500 ఆయన దిండు కింద పెట్టాను. మధ్యాహ్నం భోజనం దగ్గర నా విస్తరి పక్కన 255 ఉన్నాయి, ఐదు రూపాయల బిళ్లతో సహా.

మార్చిలో నాయనకు కళ్లు చూపించాలని హైదరాబాదు తీసుకుపోయాను. ఆయన ముందు సీట్లో, తెల్ల తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, రోడ్డు కంటే ఎక్కువ ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ముల్లు 80 దాటలేదు. సీడీ లేదు, దారం లేదు. ప్లేటును సబ్బు పెట్టి తోమితే పసుపు వదిలింది, అంకెల సందుల్లో కొంచెం నిలిచింది, అది వదలదట. శాఖాపూర్ దాటాక నా చింతచెట్టు కనిపించింది, డివైడరు అవతల. చెప్పలేదు.

జడ్చర్ల దగ్గరపడుతుంటే అడిగాడు.

‘నీ ఫొటో తీసింది ఈడనే గదా?’

‘ఆ పక్క రోడ్డు మీద.’

‘ఈ పక్క గూడా ఉంటారా?’

‘ఉంటారు.’

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. జుట్టు చేత్తో వెనక్కి దువ్వుకున్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకుని, నిటారుగా కూర్చుని, నేరుగా అద్దంలోంచి చూడటం మొదలుపెట్టాడు.

‘ఎనభైలో పోతే తీయరు నాయనా’ అన్నాను.

‘తీయరా?’

కాసేపు అట్లనే కూర్చున్నాడు. తర్వాత గుండీ మళ్లీ తీసేసుకున్నాడు.